పళ్లు చూసేవాడు

శివరాత్రి దగ్గరపడితే మా నరసరావుపేట చుట్టుపక్కల బండలాగుడు పందేల సందడి మొదలవుతుంది. జనమంతా బరి చుట్టూ చేరతారు. నేను మాత్రం ముందు ఎడ్లను కట్టేసిన చోటికి పోతాను. అక్కడ ఓ పెద్దాయన గిత్త ముకుతాడు పట్టుకుని, కింది పెదవి వేలితో తిప్పి పళ్లు చూస్తాడు. రెండు పళ్లా, నాలుగా, ఆరా? ఏ విభాగంలో దిగాలో తేలేది అక్కడే. ఆపైన సబ్ జూనియర్లూ జూనియర్లూ సీనియర్లూ ఉన్నా, మొదటి లెక్క మాత్రం పళ్లది. "ఇంకా నాలుగేనండీ, మూడో జత ఇప్పుడే మొన పెడతంది" అని యజమాని సణుగుతాడు. పెద్దాయన మాట్లాడడు. మళ్లీ ఓసారి పెదవి తిప్పుతాడు.

ఈసారి నా వెంట మా మేనల్లుడు వచ్చాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు. కుడి మోకాలికి పట్టీ. సెకండ్ హ్యాండ్ ఎక్స్‌పల్స్ బైకు ఒకటి కొని, అద్దాలూ ఇండికేటర్లూ పీకేసి, ఊరవతల మట్టి దిబ్బల మీదా, పిడుగురాళ్ల వైపు వదిలేసిన క్వారీల్లోనూ ఎగిరించుకుంటూ తిరుగుతున్నాడు. సాయంత్రానికి సున్నపు బట్టీలోంచి లేచొచ్చినట్టు ఇంటికి చేరతాడు. ఎడ్ల మధ్య నిలబడి ఉన్నట్టుండి అడిగాడు: "మామయ్యా, మోటోక్రాస్‌లో కెరీర్ ఉంటదా?"

నన్నే అడగడానికి కారణం ఉంది. నా ఎడమ భుజం దగ్గర కాలర్ ఎముక మీద ఓ బుడిపె ఉంది. కాలేజీ రోజుల్లో ఆర్‌ఎక్స్ 100 మీద ఒకే ఒక్క డర్ట్ రేసులో దిగాను. రెండో ల్యాప్‌లో అయిపోయింది నా కెరీర్.

ఎలా పడ్డానో వాడికి చాలాసార్లు చెప్పాను, ఎందుకు పడ్డానో నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. దిబ్బ మీంచి బండి లేచాక ఇక మన చేతుల్లో ఏమీ లేదనుకుంటాం. ఉంటుంది. గాల్లో యాక్సిలరేటర్ తిప్పితే వెనక చక్రం జోరెక్కి ముందుభాగం పైకి లేస్తుంది. వెనక బ్రేకు తొక్కితే తిరుగుతున్న చక్రం ఆగి, ముక్కు కిందికి వాలుతుంది. గాల్లో ఉన్న ఆ కాస్త సేపట్లో చక్రాన్నే చుక్కానిగా వాడుకుని, దిగబోయే వాలుకి సరిగ్గా బండిని వాలుస్తాడు ఆరితేరినవాడు. నేను భయంతో బ్రేకు తొక్కాను. ముక్కు నేలలో గుచ్చుకుంది. పడేటప్పుడు చెయ్యి చాచాను. అందరూ చాస్తారు. ఈ ఆటలో కాలర్ ఎముకలు అంతగా విరిగేది అందుకే.

కట్టు కట్టించుకుని ఇంటికొస్తే మా అమ్మ ఒకే మాట అంది. "ఎద్దు మోకాళ్ల మీద పడ్డా బండ రెండడుగులు కదిలిద్ది. నువ్వు పడితే ఏం కదిలిందిరా అబ్బయా?" దానికి జవాబు ఇప్పటికీ దొరకలేదు.

మోటోక్రాస్ పుట్టింది ఇంగ్లండ్‌లో. 1924లో కాంబర్లీ దగ్గర గుట్టల్లో జరిగిన పోటీని మొదటిదిగా చెబుతారు. 500 సీసీ బళ్లకి ప్రపంచ చాంపియన్‌షిప్ 1957లో వచ్చింది. ఇప్పుడు ప్రపంచ స్థాయిలో ఒక్కో రేసు అరగంటా, ఆ పైన రెండు ల్యాప్‌లు. రోజుకి రెండు రేసులు. అరగంటేగా అనిపిస్తుంది. ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి, నూరు కిలోలు దాటిన బండిని మోకాళ్లతో నొక్కిపట్టి తోలాలి. పదో నిమిషానికి ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి. క్లచ్ లివర్ ఎక్కడుందో వేళ్లకి తెలియదు. నాకు రెండో ల్యాప్‌లోనే తెలియలేదు, అది వేరే విషయం.

వాడికి నేను ముందుగా చెప్పింది సి.ఎస్. సంతోష్ కథ. బెంగళూరు మనిషి. దేశంలో మోటోక్రాస్, సూపర్‌క్రాస్ పోటీల్లో గెలిచీ గెలిచీ చివరికి గెలవడానికి ఇక్కడ ఇంకేమీ మిగలని చోటికి చేరినవాడు. మన దగ్గర ఈ ఆటకి ఉన్న పెద్ద చిక్కు అదే. నేషనల్ చాంపియన్ అయ్యాక పైమెట్టు లేదు. యూరప్‌లోనో అమెరికాలోనో పిల్లలు పాలపళ్లు ఊడకముందే చిన్న బళ్లెక్కి, ఇరవై ఏళ్లకి అగ్రశ్రేణికి చేరతారు. మనవాడు ఇరవై దాటాక మొదలుపెట్టి వాళ్లతో ఎప్పటికి కలవాలి? అందుకే మనవాళ్లు ఎడారి దారి పట్టారు, ర్యాలీలకి.

2013లో అబుదాబి ఎడారిలో సంతోష్ బండికి మంట అంటుకుంది. మెడ కాలింది. అయినా 2015లో డకార్ ర్యాలీకి దక్షిణ అమెరికా వెళ్లి 36వ స్థానంలో పూర్తి చేశాడు. డకార్ పూర్తి చేసిన మొదటి భారతీయుడు. ఆ మరుసటి ఏడు సగంలోనే ఆగిపోయింది. 2017లో పూర్తి. 2018లో 34. 2019లో పడ్డాడు. 2020లో ర్యాలీ సౌదీకి మారింది. సొంత జట్టు సహచరుడు పాలో గొన్‌సాల్వెస్ అక్కడి ఇసుకలో పడి చనిపోతే జట్టంతా వెనక్కి వచ్చేసింది. మళ్లీ వెళ్లాడు. 2021 జనవరిలో నాలుగో అంచెలో పడ్డాడు. హెలికాప్టర్‌లో రియాద్ తీసుకెళ్లారు. డాక్టర్లు మందులిచ్చి కోమాలో ఉంచారు.

ఇంతవరకూ చెప్పేసరికి మేనల్లుడు ఎడ్ల వైపు చూస్తున్నాడు, నా వైపు కాదు.

కేరళలో షొర్నూరు నుంచి వచ్చిన హరిత్ నోవా దారీ అదే. సూపర్‌క్రాస్ జాతీయ చాంపియన్ అయ్యాక డకార్. 2021లో 20వ స్థానం. 2024లో మొత్తం మీద 11వ స్థానం, ర్యాలీ 2 విభాగంలో ఏకంగా విజేత. ఏ భారతీయుడూ చేయనిది చేశాడు. తర్వాతి ఏడు? అసలు ర్యాలీ ఇంకా మొదలు కాలేదు, ఆరంభపు చిన్న పరుగులోనే పడి మణికట్టు విరిగింది. ఏడాదంతా చేసిన తయారీ ఒక్క పూటలో ముగిసింది. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే తీరు ఇంకోలా ఉంది. 2018లో స్పెయిన్‌లో పడితే క్లోమం చిట్లింది. 2019లో మహిళల బాహా ర్యాలీల ప్రపంచకప్ పట్టుకుని వచ్చింది. మోటార్ స్పోర్ట్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు.

జాతీయ స్థాయిలో కంపెనీ ఒప్పందం ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లు బండీ టైర్లూ ప్రయాణాలూ సొంత జేబులోంచే. విదేశీ మోటోక్రాస్ బండి లక్షల్లో ఉంటుంది. దానికి హెడ్‌లైట్ ఉండదు, నంబర్ ప్లేట్ ఉండదు, రోడ్డెక్కకూడదు. ఇంటి ముందు నిలబెట్టుకున్నా పాలు తేవడానికైనా పనికిరాదు. పందెపు గిత్తల్ని లక్షలు పోసి కొని, ఉలవలు ఉడకబెట్టి పెడుతూ దుక్కికి కట్టని మా రైతుకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఓడిపోవడం గురించి కూడా చెప్పాలి. కోడిపందెంలో ఓడి ఏడేళ్లు మాచర్ల వదిలిపోయిన పల్నాటి వీరుల కథ విని పెరిగినవాళ్లం. ఓటమిని తేలిగ్గా తీసుకోవడం మా నీళ్లలో లేదు. ప్రపంచ మోటోక్రాస్‌లో స్టార్టింగ్ గేటు దగ్గర నలభై మంది నిలబడతారు. ప్రతి ఆదివారం ముప్పైతొమ్మిది మంది ఓడిపోయి, బండి కడుక్కుని ఇంటికి పోతారు. ఆ కడుక్కోవడం చేతనైతేనే ఈ పని చేతనైనట్టు. నాకు చేతకాలేదు. ఎముక అతుక్కున్నాక కూడా నేను మళ్లీ దిగకపోవడానికి నొప్పి కారణం కాదు. ఈ మాట మేనల్లుడికి చెప్పలేదు.

వాడికి చెప్పిందల్లా మీటరు సంగతి. మోటోక్రాస్ బండికి కిలోమీటర్ల లెక్క ఉండదు, గంటల లెక్క ఉంటుంది. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే చిన్న మీటరు బిగిస్తారు. ఇన్ని గంటలకి ఆయిలు, ఇన్ని గంటలకి పిస్టన్ అని రాసి ఉంటుంది. మెకానిక్ మొహమాటపడడు, గంటలు నిండితే విప్పేస్తాడు. ఎద్దుకి పళ్లున్నాయి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కూడా 250 సీసీ తరగతి అయిన ఎంఎక్స్2లో 23 ఏళ్లు దాటినవాణ్ని ఉండనివ్వరు, పెద్దబళ్ల తరగతికి పొమ్మంటారు. నాకైతే అదీ పెదవి తిప్పి పళ్లు చూడటమే. ఆ తర్వాత మాత్రం చూసేవాడెవడూ ఉండడు. మీటరు లేదు, పళ్లు లేవు. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు మానాలో మనిషి తన నోట్లో తనే వేలు పెట్టుకుని చూసుకోవాలి. అభిమానులు చూడరు, స్పాన్సర్ అసలు చూడడు.

సంతోష్ కోలుకున్నాడు. కోలారు దగ్గర, తెలుగు వినపడే నేలలోనే, బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ అని మట్టి ట్రాకుల స్కూలు ఆయన పెట్టిందే. కుర్రాళ్లకి ఎగరడం అక్కడ నేర్పుతారు. "ముందు అక్కడికి పోయి నేర్చుకో. క్వారీల్లో ఎగరబాకు. పడితే ఎత్తుకొచ్చేవాడు కూడా లేడక్కడ" అన్నాను. నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. వాడు తలూపాడు. ఒప్పుకున్నాడో, ఇక వినడం చాలనుకున్నాడో తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు పక్కూళ్లో తెలిసిన రైతు ఇంటి దగ్గర ఆగాం. వాళ్ల వేపచెట్టు కింద ఓ ముసలి ఎద్దు పడుకుని నెమరేస్తోంది. ఒకప్పుడు సీనియర్ విభాగంలో పేరున్న జతలో ఎడమది. ముందుకాలు దెబ్బతింటే మాన్పించారట. "పని చెప్పం, అమ్మం కూడా. పడుంటది" అన్నాడాయన. మజ్జిగ తాగుతుంటే పందేల మైకు గాలివాటున వినపడింది. ఏదో జత లాగిన దూరం, అడుగుల్లో చెబుతున్నారు. ఎద్దు నెమరు ఆపింది. కుంటి కాలు కూడదీసుకుని లేచి, పలుపు బిగిసేదాకా ముందుకొచ్చి నిలబడింది.

మా వాడు గ్లాసు కింద పెట్టి, మోకాలి పట్టీ సరిచేసుకున్నాడు.