పితరుల నీడలో మాతృభాష

నైరృతి చీనాలోని యునాన్ రాష్ట్రమున, ఛాంగ్ పర్వతశ్రేణికిని ఎర్‌హై సరస్సునకును నడుమ దాలీ మైదానము గలదు. ఇచ్చటి బై జాతివారు నివసించు షీజౌ పట్టణమునుగూర్చి ఫ్రాన్సిస్ షూ 1948లో ఆంగ్లమున ప్రకటించిన ‘పితరుల నీడలో’ అను గ్రంథము మిక్కిలి ప్రసిద్ధమైనది. ప్రసిద్ధమగుటచేతనే దాని లోపమును విచారింపవలసియున్నది.

షూ మంచూరియాలో జన్మించిన చీనీయుడు. లండనులో మానవశాస్త్రము నభ్యసించినవాడు. జపాను యుద్ధకాలమున, 1941-43 నడుమ, షీజౌలో పరిశోధించి దానికి ‘పశ్చిమపురము’ అని మారుపేరిడెను. తండ్రికొడుకుల బంధము, ఉమ్మడికుటుంబము, సమాధులు, వర్తకుల మేడలు ఆతని రచనలో సజీవములైనవి. ఇల్లు బ్రదికియున్నవారి సౌఖ్యమునకుగాక వంశప్రతిష్ఠకై కట్టబడుచున్నదని యాతడు చేసిన పరిశీలనము, అప్పుచేసి మేడలెత్తు మన గృహస్థులును చదువదగినది.

అయినను గ్రంథపు ఉపశీర్షికలో నున్నది ‘చీనా సంస్కృతి’. ఆ యిండ్లలో మాటలాడు భాషయో, బై. తమ పూర్వులు చీనా నడిగడ్డనుండి వచ్చిరని పట్టణవాసులు పట్టుపట్టి చెప్పిరి. గ్రంథకర్త ఆ మాటను గైకొని ముందునకు సాగెను. 1941లోనే ఫిట్జెరాల్డు ఈ మైదానవాసులను మిన్‌జియా అను పూర్వనామముతో ప్రత్యేక జనముగ వర్ణించియుండెను. 1956లో దాలీ బై స్వయంపాలిత మండల మేర్పడెను. తరువాతి ముద్రణమున షూ ఉపశీర్షిక మారినది గాని, అందలి ‘చీనా’ మాత్రము చెక్కుచెదరలేదు.

జనులు తమ్ముగూర్చి చెప్పుకొనుదానిని నమ్మవలదా యని యడుగవచ్చును. సరస్సునకు ఈశాన్యమున జీజూషాన్ అను బౌద్ధక్షేత్రము గలదు. ఆ పేరునకు కుక్కుటపాదగిరి యని యర్థము. మగధలోని ఆ పేరుగల కొండయందు మహాకాశ్యపుడు శాక్యముని చీవరముతో మైత్రేయుని రాకకై ధ్యానమగ్నుడై యున్నాడని ఐతిహ్యము. యునాన్ భక్తులు ఆ కథను, ఆ పేరును తమ కొండకు దెచ్చుకొనిరి. శిఖరమెక్కు యాత్రికునికి ఆ కాశ్యపుడు అక్కడనే యున్నాడు. అంతమాత్రమున కొండ మగధలో నున్నదని యెవరందురు?

క్రింది పల్లెలలోను ఇట్టిదే. బై గ్రామములకు బెన్‌జూ అను గ్రామాధిదేవతలు గలరు. దాలీకి దక్షిణముననున్న యొక సేనాపతి గుడిలో పూజలందుకొనువాడు లీ మీ. 754లో నాన్‌జావో రాజ్యముపై దండెత్తివచ్చి, ససైన్యముగ నశించిన తాంగ్ సేనాని! చంపవచ్చినవానినే దేవుని జేసికొన్న జనులకు దూరదేశపు పితామహులను తెచ్చుకొనుట యొక లెక్కయా? ఆ పితామహులవలన ఏ గౌరవము, ఏ రక్షణ, ఏ వ్యాపారలాభము కలిగెనని యడుగుటయే పరిశోధకుని పని. షూ ఆ ప్రశ్నను మొదలే విడిచెను.

పైగా, వంశవృక్షములు తండ్రుల పేళ్లతో సాగునవి. బిడ్డకు తొలిపలుకు నేర్పునది తల్లి. కుటుంబమునుగూర్చిన గ్రంథమున తల్లి భాషకు తగిన చోటు లేకపోవుట చిన్న కొరత గాదు.

కావున గృహప్రకరణమును విడువక చదువుడు. ‘చీనీయులు’ అని కనబడినచోటనెల్ల ‘షీజౌవారు’ అని దిద్దుకొనుడు. అపుడు ఏ వాక్యములు నిలుచునో, ఏవి కూలునో మీకే తెలియగలదు.