రాలేదు, రాను, రాదు

హిందీ మాతృభాషగా ఉన్నవాళ్లు తెలుగు నేర్చుకుంటూ గట్టిగా తడబడేది కాదనాల్సి వచ్చినప్పుడు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు అంటూ మనిషిని బట్టి మారిన క్రియ, రాలేదనేసరికి అందరికీ కలిపి ఒక్కటే రూపమవుతుంది. హమ్మయ్య అనుకునేలోపే రేపటి సంగతి ఎదురవుతుంది: రాను, రావు, రాడు, రాదు, రారు. మళ్లీ మనిషికో తీరు. హైదరాబాద్‌కు ఉద్యోగాలకొచ్చిన వాళ్లకు సాయంత్రాలు తెలుగు చెబుతుంటాను. "నేను రేపు రాలేదు" అన్న వాక్యం వినిపించని బ్యాచ్ లేదు.

సూత్రం చెబితే తలూపుతారు గానీ నోరు తిరగదు. అందుకే డ్రిల్లు చేయిస్తాను, అంటే ఒకే తీరు వాక్యాన్ని మాటలు మారుస్తూ పదేపదే పలికిస్తాను. ఇంగ్లిషు బోధకుడు హెరాల్డ్ పామర్ 1916లోనే వంద పట్టికలు వేసి, గడిలో మాట మారుస్తూ ఇంగ్లిషు వాక్యాలు పలికించే పద్ధతి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటినుంచి అమెరికాలో ఇలాంటి సాధన బాగా ఊపందుకుంది. భాష అలవాటుగా అబ్బుతుందన్న మనస్తత్వవేత్త స్కిన్నర్ పుస్తకం మీద 1959లో భాషావేత్త చామ్‌స్కీ రాసిన విమర్శ ఆ సాధన పునాదినే కదిపింది. ఆ తర్వాత డ్రిల్లు పేరెత్తితేనే మొహం చిట్లించడం మొదలైంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే ఇది.

డ్రిల్లులో లోపం లేదనను. నేను "వచ్చాను" అంటే క్లాసు "రాలేదు" అంటుంది. "వచ్చారు" అన్నా "రాలేదు" అనే అంటుంది. ఒక్క తప్పూ పడదు, నేనేమన్నానో వినాల్సిన పనే లేదు కనక. భాషాబోధన పరిశోధకురాలు క్రిస్టినా పాల్‌స్టన్ 1971లో డ్రిల్లులను విడదీసింది సరిగ్గా ఇక్కడే. అర్థం తెలియకపోయినా జవాబివ్వగలిగేవి ఒక రకం, అర్థమైతే తప్ప ఇవ్వలేనివి ఇంకో రకం, అడిగినవాళ్లకే జవాబు తెలియనివి మూడో రకం.

మొదటి రకానికి రెండు నిమిషాలు చాలు, నాలుక అలవాటు పడడానికి. ఆపైన హాజరుపట్టీ తీస్తాను. "నిన్న వచ్చారా? రేపు వస్తారా? మీ పక్కాయన?" నిజమే చెప్పాలన్నది షరతు. "నిన్న రాలేదండీ. రేపు కూడా రాను. ఆయన..." అని ఆగి, పక్కకు తిరిగి కనుక్కుని, "ఆయన రాడట" అంటే నాకు పండగే. నేర్పకముందే కంఠతా వచ్చేసిన "నాకు తెలుగు రాదు"లో ఉన్నదీ ఈ 'రాదే'నని ఎవరో ఒకరు పట్టేస్తారు. వెంటనే దాన్నీ సాధనలోకి లాగుతాను: నాకు ఈత రాదు, మా అమ్మకు హిందీ రాదు, మరి మీకేం రాదు?