శిల్పశిక్షకుల గురువులు

పని యెఱిగినవాఁడెల్ల దానిని నేర్పఁజాలఁడని గుర్తించియే మన దేశము 1948లో వృత్తిశిక్షకులకు శిక్షణ నొసఁగు తొలి సంస్థను నెలకొల్పెను. 1960వ దశకమున హైదరాబాదునందును అట్టి సంస్థ వెలసెను. ఐ.టి.ఐ.లో బోధింపఁబోవు ఫిట్టరు, ఏండ్ల తరబడి తన హస్తము అప్రయత్నముగ చేయుచున్న పనిని అచట విడదీసి చూచుకొని, పాదముల నెట్లు నిలుపవలెనో, ఆకురాయిని ముందునకు త్రోయునపుడే గాని వెనుకకు తీయునపుడు ఒత్తిడి యేల కూడదో, మాటలలో చెప్పుట నభ్యసించును. ఎంత కఠినమైన సాధన! పాఠప్రణాళిక వ్రాయును, మెల్లఁగా చేసి చూపును, పిదప తోటివారిచేత చేయించును. అయినను, దోషమునకు హేతువు నెఱుఁగు విద్యను అలవఱచు గురువులకే నేను మనసార నమస్కరింతును. చదునుగా నుండవలసిన ఇనుపముక్క నడుమ ఉబ్బినచో, ఆకురాయి సాగుకొలఁది ఒత్తిడి ముందుచేతినుండి వెనుకచేతికి మాఱలేదని చూచినంతనే గ్రహించు ఆ దృష్టి వైద్యుని నాడీజ్ఞానమునకు తీసిపోదు.