కొలత ఎవరిది?

దబీర్ అంటే పారశీకంలో రాయసకాడు. హైదరాబాద్ పాత బస్తీ చుట్టూ ఒకప్పుడున్న 13 దర్వాజాల్లో ఇవాళ మిగిలినవి రెండు. ఒకటి పురానాపూల్‌ది, రెండోది దబీర్‌పురాది. రాతగాడి పేరు మోస్తున్న ఈ పేట వైపు నుంచి చూస్తే ప్రోగ్రామర్ల ఎడిటర్ గొడవ ఇంకోలా కనిపిస్తుంది.

గొడవ మనకి తెలిసిందే. విమ్మా, ఈమ్యాక్సా? 2015లో వీఎస్ కోడ్ వచ్చాక చాలామంది కుర్రాళ్ళు ఆ ప్రశ్నే వదిలేశారనుకోండి. ఏ పక్షం వాళ్ళయినా చెప్పేది ఒకటే: నీ చేతికి తగ్గట్టు మార్చుకో.

ఉర్దూ కాతిబూ ఆ పనే చేసేవాడు. రెల్లు కలం మొనని తనే ఏటవాలుగా కోసుకునేవాడు. ఆ మొనతో పెట్టిన చుక్కే అక్షరానికి కొలత. కలం మారితే కొలతే మారేది. మరి ఎడిటర్లో మనం మార్చేవేమిటి? రంగులు, షార్ట్‌కట్లు, ప్లగిన్లు. కొలత మాత్రం గడే. బిల్ జాయ్ 1976లో మొదలుపెట్టిన వీఐ పెరిగింది 80 గడుల వెడల్పున్న ఏడీఎమ్-3ఏ టెర్మినల్ మీద. హెచ్, జె, కె, ఎల్ మీటలతో కదలడం కూడా ఆ కీబోర్డు మీద అచ్చేసిన బాణాల పుణ్యమే.

ఇప్పుడు 'లక్ష్మి' అని కొట్టి చూడండి. చదివేవాళ్ళకి రెండక్షరాలు. యూనికోడ్‌కి ఏడు సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. మరి గడులెన్ని? టెర్మినల్లో నడిచే విమ్ అక్షరాల కూర్పుని చాలావరకు టెర్మినల్‌కే వదిలేస్తుంది. ఈమ్యాక్స్ ఇక్కడ మెరుగు. కుడి నుంచి ఎడమకి రాసే లిపుల సంగతి 2012లో 24వ వెర్షన్ చూసింది, ఒత్తులు కూర్చే హార్ఫ్‌బజ్ 2020లో 27తో చేరింది. ఈ రెండూ సెట్టింగుల ఫైల్లో నాలుగు వరుసలు రాస్తే వచ్చినవి కావు. ఎడిటర్ కడుపులో చెయ్యి పెట్టి చేసినవి. కస్టమైజేషన్ గురించి మురిసిపోయే వ్యాసాలు ఈ తేడాని దాటేస్తాయి.

కోడ్ ఇంగ్లీషులోనే కదా రాస్తాం, ఎందుకీ రాద్ధాంతం అనొచ్చు. నిజమే, కానీ కోడ్ నడిచేది మనుషుల పేర్ల మీద. తెరమీద ఒత్తు విరుగుతోందని పరీక్షకి ఇంగ్లీషు పేర్లే పెడతాం. చివరికి ఆ ఫారం అసలు లక్ష్మి చేతికి వెళ్ళాక విరుగుతుంది.

కాబట్టి థీమ్ ఎంచుకునే ముందు ఇంట్లోవాళ్ళ పేరొకటి తెలుగులో కొట్టండి. పక్కనే ఒక ఉర్దూ పేరు. మధ్యలో కర్సర్ పెట్టి ఒక ఒత్తు చెరపండి. మీరనుకున్నదే చెరిగితే, ఆ ఎడిటర్‌తో మిగతా బేరం ఆడొచ్చు.