గడ పట్టిన చేయి

లంక పల్లెల పాతకాలపు జీవితాన్ని చిత్రించే కథలు రేవు దాటడాన్ని సాధారణంగా ఒక్క వాక్యంలో ముగిస్తాయి. ఆ వాక్యం వెనుక ఎంత నేర్పు దాగి ఉందో దివిసీమలో ఏటిమొగ, ఎదురుమొండి రేవుల మధ్య నీటిని గమనించినవారికి బోధపడుతుంది. పులిగడ్డ వద్ద రెండుగా చీలిన కృష్ణ ఇక్కడికి వచ్చేసరికి సముద్రపు పోటుకు, అంటే రోజుకు రెండుసార్లు ఎగదన్నే ఉప్పునీటికి లోబడుతుంది. పోటు వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ, అమావాస్యకు, పౌర్ణమికి దాని బలం హెచ్చుతుంది కనుక, సరంగుకు, అనగా పడవ నడిపేవానికి, గడియారం కంటే తిథే ముఖ్యం. అతని చేతిలోని గడ, అంటే అడుగును తాకేంత పొడవైన వెదురు, పడవను తోసే సాధనమే కాదు, నేలను తెలిపే జ్ఞానేంద్రియం కూడా: ఒండ్రులో దిగితే అది మెత్తగా కూరుకుని వెనక్కు లాగుతుంది, ఇసుక మేట తగిలితే గరగరమంటుంది, నిన్న లేని మేట నేడు వేసిందన్న కబురు కంటికంటే ముందు అరచేతికి అందుతుంది. నీరు దిగువకు లాగుతున్నప్పుడు అతడు ఎదుటి రేవుకు సూటిగా పోడు. ఒడ్డు వెంట కొంత ఎగువకు తోసుకుపోయి, పడవ ముక్కును ఏటవాలుగా నిలిపి, మిగిలిన పని ప్రవాహానికే అప్పగిస్తాడు. గడకు అందని లోతులో తెడ్డు వేస్తాడు, గాలి కలిసివస్తే తెరచాప ఎత్తుతాడు. అన్నిటికంటే మెచ్చదగినది బరువు సర్దే తీరు: ధాన్యం బస్తాలు అడుగున నడిమికి చేర్చి, నొప్పులు పడుతున్న గర్భిణిని కుదుపు తక్కువగా ఉండే మధ్యబల్ల మీద కూర్చోబెట్టి, రెండు అంచులూ నీటికి సమానమయ్యాకే కట్టుతాడు విప్పుతాడు.