తంబూరా నుంచి వీణ మెట్టు దాకా

ఛత్తీస్‌గఢ్ కళాకారిణి తీజన్ బాయి పండవానీ (మహాభారత కథాగానం) చెబుతుంటే చూసిన తెలుగువాళ్లకు ముందుగా బుర్రకథే గుర్తొస్తుంది. చేతిలో తంబూరా, నిలబడి కథ చెప్పడం, ఒక్క మనిషే భీముడూ దుశ్శాసనుడూ అయిపోవడం! నెమలి ఈకలు కట్టిన ఆ తంబూరా కాసేపు గద, కాసేపు విల్లు. మా భిలాయి దగ్గరి గనియారీలో పుట్టి, ఇక్కడి ఉక్కు కర్మాగారంలోనే ఉద్యోగం చేసిన ఆమెకు 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆమె చెప్పే కథ ఎంత పాతదైనా, చేతిలోని తంబూరా అంత పాతది కాదు; భరతుడి నాట్యశాస్త్రంలో దాని ఊసు లేదు.

మరి ఆ కాలంలో ఏం వాయించేవారు? అమరావతి శిల్పాలు చూడండి. అక్కడి వీణ విల్లులా వంగి ఉంటుంది. సముద్రగుప్తుడి బంగారు నాణెం మీదా అదే వీణ. బర్మాలో సాంగ్ అనే పేరుతో దాని చుట్టం ఇప్పటికీ మోగుతోంది. భరతుడు చెప్పిన చిత్రవీణకు 7 తీగలు, విపంచికి 9. తీగకొక స్వరం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారాలంటే ఆ వీణ మీద కష్టం.

దాన్ని మార్చింది మెట్టు, అంటే దండి మీద తీగ కింద అడ్డంగా అమర్చే పట్టీ. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో వర్ణించిన కిన్నరి వీణకు మెట్లున్నాయి. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణకు మెట్లు ఎక్కడెక్కడ పెట్టాలో వివరంగా రాశాడు. తర్వాతి శతాబ్దిలో తంజావూరు రఘునాథనాయకుడి కాలానికి 24 మెట్లు స్థిరపడ్డాయని చెబుతారు. ఇక ఒకే తీగ మీద రెండు స్థాయిలు పలుకుతాయి. మెట్టు మీద తీగను పక్కకు లాగితే గమకం పుడుతుంది. మన సంగీతానికి గమకమే ప్రాణం కనుక, మధ్యయుగం మనకిచ్చిన వాటిలో నా లెక్కన ఈ చిన్న మెట్టుదే పెద్దపీట. ఇలా అన్ని రాగాలకూ మూలమైన ఆధార షడ్జం (స) ఒకటే అయ్యాక దాన్ని ఆగకుండా పలికించే తంబూరాకూ పని పడింది.

ఆ మెట్టు వేసే పని బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండి మీద రెండు గట్లుగా పెట్టి, వాటిలో కంచు మెట్లను ఒక్కొక్కటే అదుముతారు. తీగ మీటి, చెవితో విని, మెట్టును వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మెట్లనూ పట్టి ఉంచేది మైనమే.

మైనానికి ఎండ పడదు. భిలాయి మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మైనం మెత్తబడితే మెట్టు జారుతుంది, స్వరం తప్పుతుంది. ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికొచ్చిన కుటుంబాల్లో ఎవరి ఇంట్లోనైనా అటక మీద అమ్మమ్మ వీణ ఉంటే కిందికి దించండి. ఈసారి ఊరెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి మేళం కట్టించండి.