లంగరు తిరగడం మానేస్తే

కువైట్ నుంచి వచ్చిన మనిషిని కడప, రాజంపేట, రాయచోటి వైపు ఒకప్పుడు మణికట్టు చూసి గుర్తుపట్టేవాళ్ళు. కొత్తగా వెళ్ళొచ్చినవాడి చేతికి సీకో ఫైవ్, అక్కడ నిలదొక్కుకున్నవాడి చేతికి రాడో. పెళ్ళి మాటల్లో అల్లుడికి రాడో పెట్టాలని పేరు చెప్పి మరీ అడిగిన ఇళ్ళున్నాయి. ఆ అల్లుళ్ళు ఇప్పుడు తాతలయ్యారు. ఆగిపోయిన వాచీలు బీరువాల్లోంచి బయటికొస్తున్నాయి. వాటిని జేబులో వేసుకుని మనవళ్ళు అడిగేది ఒకటే: దీన్ని కంపెనీ సర్వీసుకు పంపాలా, ఇక్కడే బజార్లో వాచీ మెకానిక్‌కు ఇవ్వాలా?

పాత ఆటోమేటిక్ రాడో డయల్ మీద చిన్న లంగరు బొమ్మ ఉంటుంది. అలంకారం కోసం పెట్టారనుకుంటాం. అది చిన్న కెంపు మీద వదులుగా నిలబడి, చెయ్యి కదిలినప్పుడల్లా తిరుగుతుంది. తిరగకుండా బిగుసుకుపోయిందంటే దాని కింద నూనె ఎండినట్టు. లోపలి మిషన్‌లోనూ అదే జరిగి ఉంటుంది కాబట్టి సర్వీసుకు వేళయినట్టు లెక్క. ఎప్పుడు చేయించాలో వాచీ తనే చెబుతుంది. ఎవరి చేత చేయించాలన్న దగ్గరే తంటా.

నూనె అంత ముఖ్యమా అంటే, అసలు సంగతంతా అదే. స్విస్ ఆటోమేటిక్‌లలో ఎక్కువగా కనిపించే ఈటీఏ మిషన్ గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకు ఎనిమిది. ఏడాదికి 25 కోట్ల పైమాటే. అన్ని కోట్ల దెబ్బల్నీ కాచేది సూదిమొన మీద నిలిచేంత నూనె. అది ఎండినా, పక్కకు పాకిపోయినా లోహం లోహాన్ని తింటుంది. పైగా మనది కర్నూలు ఎండ. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వాచీ వదిలేసి బ్యాంకులోకి వెళ్ళొచ్చేవాళ్ళను చూస్తుంటాను. ఆ వేడికి నూనె సంగతి అటుంచి, నీళ్ళను ఆపాల్సిన రబ్బరు రింగు కూడా గట్టిపడి బీటలిస్తుంది. ఆ బీటల్లోంచి చెమట, దుమ్ము లోపలికి దారి వెతుక్కుంటాయి.

సర్వీసు అంటే మిషన్‌ను పూర్తిగా విప్పాలి, కడగాలి, అరిగింది మార్చాలి, ఎక్కడికి ఏ నూనె తగునో అక్కడ అదే వేసి బిగించాలి, టైమింగ్ మిషన్ మీద పెట్టి చూడాలి. వెనక మూత తీసి, తగిలిన చోటల్లా నూనె చుక్కలు వేసి పది నిమిషాల్లో చేతిలో పెట్టేదాన్ని కూడా మన బజార్లో సర్వీసనే అంటున్నారు. అది వాచీకి మేలు చేయదు. పాత మురికికి కొత్త నూనె తోడై మరింత జిగురు కడుతుంది.

కంపెనీ సర్వీసులో ఆ భయం ఉండదు. అసలు విడిభాగం, నీటి పరీక్ష, రాసిచ్చే గ్యారంటీ ఉంటాయి. సర్వీసు చేసిన వాచీకి రోలెక్స్ రెండేళ్ళ గ్యారంటీ ఇస్తుంది. కానీ కర్నూలు వాడికి అది హైదరాబాద్ ప్రయాణం, కడప వాడికి చెన్నై లేదా బెంగళూరు. బిల్లు వేలల్లో ఉంటుంది, వాచీ చేతికి రావడానికి వారాలు పడుతుంది. దానికీ సిద్ధపడదాం. నాకు మింగుడుపడనిది ఇంకొకటి. పాత వాచీ ఇస్తే డయల్ మాసిందని కొత్త డయల్, ముళ్ళు పాతబడ్డాయని కొత్త ముళ్ళు వేసి, కేసు అంచులు పాలిష్‌లో అరగదీసి, మెరిసే వాచీ ఒకటి తిరిగి పంపే అలవాటు పెద్ద కంపెనీల్లో ఉంది. పాత వాచీలు సేకరించేవాళ్ళు దాన్ని చూసి తల పట్టుకుంటారు, ధర పడిపోతుంది. ఆ సంగతి అలా ఉంచినా, తాత చేతి మీద గోధుమ రంగుకు తిరిగిన ఆ డయల్ కోసమే కదా మనవడు బాగుచేయించాలనుకున్నది?

కర్నూలు వన్‌టౌన్‌లో ఒక మెకానిక్‌ను నేనూ ఇదే అడిగాను. కంటికి భూతద్దం తీయకుండానే చెప్పాడు.

"మిషన్ నేను చేస్తా సార్. నీళ్ళు పోకుండా చూసే పూచీ మాత్రం నాది కాదు. ఆ రబ్బరు నాకియ్యరు, ఆ టెస్టు మిషను నా కాడ లేదు. తుంగభద్రలో ఈత కొట్టాల్నంటే కంపెనీకి పంపుకోండి."

నా వాచీ ఆయనకే ఇచ్చేశాను. ఈతకు నేనెటూ పోను.

ఆయన అన్న మాటల్లో "ఇయ్యరు" దగ్గర ఆగాలి. పనితనం ఉండీ విడిభాగం దొరకక చేతులెత్తేస్తున్న మెకానిక్‌లు ప్రపంచమంతా ఉన్నారు. రాడో, ఒమేగా, లాంజిన్స్, టిస్సో, వాటిలో చాలావాటికి మిషన్లు చేసే ఈటీఏ, అన్నీ స్వాచ్ గ్రూప్ కిందివే. ఆ గ్రూపు 2015 చివరితో బ్రిటన్‌లోని హోల్‌సేల్ వ్యాపారి కజిన్స్‌కు విడిభాగాలు ఆపేస్తే అది కోర్టుల దాకా వెళ్ళింది. అంతకుముందే, 2004లో, యూరప్‌లోని వాచీ రిపేరుదారుల సమాఖ్య ఇదే గోడు యూరోపియన్ కమిషన్ ముందు పెట్టుకుంది. కమిషన్ ఫిర్యాదును తోసిపుచ్చింది, 2017లో అక్కడి జనరల్ కోర్టు కూడా కంపెనీల వైపే నిలిచింది. నాణ్యత కోసమే ఈ కట్టడి అంటాయి కంపెనీలు. సగం నిజమే కావచ్చు. ఐదేళ్ళకో పదేళ్ళకో తప్పనిసరిగా వచ్చే బిల్లు ఇంకొకరి గల్లాపెట్టెలోకి పోకూడదన్నది మిగతా సగం.

మన దగ్గర 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పనిముట్లు, మొబైళ్ళు, గృహోపకరణాలు, వాహనాలను తీసుకున్నారు. వాచీని తలచుకున్నవాళ్ళు లేరు.

కంపెనీ లేకపోతే వాచీ ఏమవుతుందో చెప్పడానికి హెచ్ఎంటీ ఉంది. సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలై, మన ఊళ్ళలో టీచరు నుంచి కండక్టరు దాకా అందరి చేతికీ గడియారం తొడిగిన సంస్థ. 2016 జనవరిలో హెచ్ఎంటీ వాచెస్ మూతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అయినా ఆ జనతాలు, పైలట్లు ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. తిప్పుతున్నది ఈ వీధి బడ్డీల వాళ్ళే. ఒక చచ్చిన వాచీలోంచి బ్యాలెన్స్, ఇంకోదాంట్లోంచి మెయిన్ స్ప్రింగ్ తీసి మూడోదాన్ని బతికిస్తారు. ఈ పనికి ఏ కంపెనీ సర్టిఫికెట్ ఇస్తుంది?

మరో సందర్భంలో దగ్గరి మనిషే దిక్కు. 2009 అక్టోబర్‌లో హంద్రీ, తుంగభద్ర కలిసి కర్నూలును ముంచిన వరద ఎవరూ మరిచిపోలేదు. లోపలికి బురద నీళ్ళు పోయిన వాచీకి వ్యవధి గంటల్లోనే ఉంటుంది. కొరియర్ చేసి, అంచనా బిల్లు వచ్చి, మనం సరేనని చెప్పేలోపు హెయిర్ స్ప్రింగ్ తుప్పు పట్టిపోతుంది. అలాంటప్పుడు బ్రాండు గురించి ఆలోచించకుండా ఎవరో ఒక చేయి తిరిగినవాడి చేత మూత తీయించి, కడిగించి, ఆరబెట్టించాలి. కంపెనీకి పంపడం ఆ తర్వాతి మాట.

కాబట్టి నా తీర్పు ఇది. వారంటీలో ఉన్నది, నీళ్ళలోకి దిగేది, బయట విడిభాగం దొరకని కొత్త రకం మిషన్ ఉన్నది అయితే, ఖర్చుకు వెనకాడకుండా కంపెనీకే పంపండి. డయల్, ముళ్ళు మార్చొద్దని, పాలిష్ పెట్టొద్దని ముందే రాసివ్వండి. వారంటీ దాటిన మామూలు ఈటీఏ, సీకో, హెచ్ఎంటీ అయితే మంచి మెకానిక్ చాలు. నకిలీ రాడో అయితే ఆ సంగతీ ఆయనే చెబుతాడు, డబ్బులు తీసుకోకుండా. పూర్తిగా విప్పుతారా, టైమింగ్ మిషన్ ఉందా అని అడగండి. అడిగినందుకు విసుక్కుంటే పక్క బడ్డీకి నడవండి. సరేనంటే చీటీ మీద మిషన్ నంబరు, మార్చేవాటి పేర్లు రాయించుకోండి. తీసేసిన పాత ముక్కల్ని కవర్లో వేసి ఇమ్మనండి. వందకీ యాభైకీ మాత్రం బేరమాడొద్దు, అది రెండు మూడు గంటలు తల ఎత్తకుండా చేసే పని.